కృష్ణ పుట్టిన వానలో: కొంకణ తీరం వెంట నిదానంగా

(విజయవాడలో ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బయట ఇంత వాన పడుతున్నా వచ్చారు, చాలా సంతోషం. ఈ సాయంత్రం నేను చెప్పేదీ వాన గురించే.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయినదాన్ని. ఉద్యోగం చేసినన్నాళ్లూ కృష్ణ నాకు అంకెల్లోనే కనిపించింది. ఎగువ నుంచి ఇన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, గేట్లు ఇన్ని అడుగులు ఎత్తాలి, కాలువలకు ఇంత వదలాలి. మహాబలేశ్వరంలో వానలు ఊపందుకున్నాయని పేపర్లో చదివితే మన రైతు మొహంలో ఒక ఆశ కనిపిస్తుంది కదా, ఆ వాన ఎలా ఉంటుందో, ఏ దారిన వస్తుందో మాత్రం నేను కళ్లతో చూసింది లేదు. రిటైరయ్యాక మా వారూ నేనూ కారు తీసుకుని అది చూద్దామనే బయల్దేరాం. ఒకసారి చూశాక ఇక ఆగలేదు. ఇప్పుడు తొలకరి పడితే పడమటి తీరానికి వెళ్లడం మాకు అలవాటైపోయింది.

మహారాష్ట్ర మ్యాపు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఎడమ పక్క అరేబియా సముద్రం. దానికి సమాంతరంగా ఉత్తరం నుంచి దక్షిణం దాకా సహ్యాద్రి. ఆ రెంటి మధ్య యాభై అరవై కిలోమీటర్ల వెడల్పున్న పట్టీ కొంకణం. సముద్రం మీద నుంచి తేమ మోసుకొచ్చే గాలి ఆ కొండకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, అక్కడికక్కడే కురిసేస్తుంది. కొంకణంలో ఏడాదికి పడేది సుమారు 3,000 మిల్లీమీటర్లు. మన కోస్తాలో వెయ్యి. అదైనా మనకు రెండు రుతుపవనాలకూ పంచుకుని పడుతుంది, వాళ్లకు దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరులోపే. ఘాట్ మీద అంబోలీ లాంటి ఊళ్లలో 7,000 దాటుతుంది. కొండ దిగి తూర్పుకు వచ్చేసరికి మేఘంలో సరుకుండదు. అందుకే సతారా, సాంగ్లీ జిల్లాల్లోనే తూర్పు తాలూకాలు గుక్కెడు నీళ్లకు అల్లాడుతుంటాయి.

ఇక మనకు కావలసిన సంగతి. కృష్ణ పుట్టేది ఆ కొండ అంచునే. అక్కడి నుంచి అరేబియా సముద్రం అరవై నాలుగు కిలోమీటర్లు. ఆ దగ్గరి దారి వదిలి, తూర్పుకు తిరిగి, 1,400 కిలోమీటర్లు నడిచి మన హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాత మహాబలేశ్వరంలో పంచగంగ గుడి ఉంది. ఐదు నదులు అక్కడ పుట్టాయని నమ్మకం: కృష్ణ, కోయనా, వెణ్ణా, గాయత్రి, సావిత్రి. వీటిలో సావిత్రి కొండకు పడమటి వైపు దిగిపోతుంది. వంద కిలోమీటర్లకు అటూ ఇటూ పరుగెత్తి బాణకోట్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకే కొప్పు మీద పడిన వాన చినుకు అటు జారితే సావిత్రి, ఇటు జారితే మన కృష్ణ. ఉద్యోగంలో ఎన్నిసార్లో చదివిన మాటే ఇది. బాణకోట్ రేవులో నిలబడినప్పుడు గానీ ఒంటికి పట్టలేదు.

ఆ రేవు గురించి చెప్పాలి.

కొంకణంలో ఉత్తర దక్షిణాలుగా వెళ్లడానికి రెండు దారులు. ఒకటి 66వ నంబరు జాతీయ రహదారి, ముంబయి నుంచి గోవాకు. అది సముద్రానికి దూరంగా లోపలి నుంచి పోతుంది, సముద్రం ఒక్కచోట కూడా సరిగా కనబడదు. రెండోది తీరం దారి. ఉత్తరాన రేవస్ నుంచి దక్షిణాన రేడీ దాకా ఊరూ ఊరూ కలుపుకుంటూ సముద్రం అంచునే వెళ్లే రాష్ట్ర రహదారి. మీరు వెళ్తే ఈ రెండో దాని మీదే వెళ్లండి. చిక్కేమిటంటే ప్రతి ముప్పై నలభై కిలోమీటర్లకూ ఒక ఏరు సముద్రంలో కలుస్తుంటుంది. ఆ నదీముఖాన్ని అక్కడ ఖాడీ అంటారు, పోటు నీళ్లు మైళ్ల కొద్దీ లోపలికి వస్తాయి. కొన్నిటికి వంతెనలున్నాయి. నాలుగు పెద్ద ఖాడీల దగ్గర మాత్రం రోడ్డు నీళ్లలోకి దిగి ఆగిపోతుంది. అగర్‌దాండా నుంచి దిఘీ, బాగ్‌మాండ్లా నుంచి వేశ్వీ, దాభోళ్ నుంచి ధోపావే, తవసాళ్ నుంచి జయగఢ్. ఈ నాలుగు చోట్లా కారును పడవ ఎక్కించాలి. గోదావరి జిల్లాల వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే పంటు అంటే చాలు, నరసాపురం నుంచి సఖినేటిపల్లికి దాటినట్టే.

బాణకోట్‌కు ఎదురుగా, సావిత్రి ఖాడీ ఇవతలి ఒడ్డున ఉంది బాగ్‌మాండ్లా. మేం వెళ్లేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంది. వాన ఏటవాలుగా కొడుతోంది. మా ముందు ఒక సిమెంటు లారీ, రెండు ఆటోలు, పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిలు. అద్దం తుడుచుకుని చూస్తే ఖాడీ అంతా ఎర్రగా, ఇటుక పొడి కలిపినట్టు. కొండల మీది జంభా రాయి, అంటే మన లేటరైటు, ఆ రంగు దానిది. ఆ ఎర్రనీళ్లు నది మధ్యలో సుడులు తిరుగుతూ పడమటికి పోతుంటే, సముద్రం వైపు నుంచి బూడిదరంగు నీళ్లు ఎదురొస్తున్నాయి. రెండూ కలిసేచోట నురగ ఒక గీతలా నిలబడింది. పోటు ఎక్కుతున్నకొద్దీ ఆ గీత మెల్లగా ఎగువకు జరిగింది. పంటు వచ్చి, ముందున్న ఇనుప పలకను గొలుసుల మీద రేవు మెట్ల పైకి దింపారు. కుర్రాడొకడు వానలో తడుస్తూనే చేత్తో సైగలు చేసి, ఒక్కొక్క బండినీ వెనక్కి తిప్పించి రివర్సులో ఎక్కించాడు. దాటడానికి పట్టింది కాసేపే. దానికోసం ఆగింది అంతకు ఎన్నో రెట్లు. ఆ ఆగడంలోనే నది కనిపించింది. ముప్పై ఏళ్లు పోటూపాటుల పట్టికలు వేసిన నాకు పోటు ఒక గీతై నడవడం అక్కడే కనబడింది. వంతెన మీద అరవై స్పీడులో పోతే అది ఒక బోర్డు, అంతే: సావిత్రి నది.

ఇప్పుడు ఆ ఖాడీల మీద వంతెనలు కట్టే పనులు నడుస్తున్నాయి. కట్టాలి కూడా. పురిటినొప్పులు పడుతున్న మనిషి రేవులో పంటు కోసం చూస్తూ కూర్చోవడం ఏ ఊరికీ న్యాయం కాదు. ఇంజనీరుగా నేను ఆ వంతెనల పక్షమే. అవి పూర్తయ్యేలోపు మీరొకసారి పంటు మీద దాటాలని మాత్రం నా కోరిక.

దాభోళ్ దగ్గర దాటేది వాశిష్ఠి. ఇక్కడ మనవాళ్లందరికీ తెలియవలసిన సంగతి ఒకటుంది. కోయనా కృష్ణకు ఉపనది, తూర్పుకు రావాల్సిన నీళ్లు. దాని మీద ఆనకట్ట కట్టి, కొండలోంచి సొరంగాలు తవ్వి, నీళ్లను పడమటికి దింపి కరెంటు తీస్తున్నారు. మొత్తం 1,960 మెగావాట్లు. ఆ నీళ్లు తిరిగి కృష్ణకు రావు, వాశిష్ఠిలో కలిసి అరేబియా సముద్రానికి పోతాయి. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ దీనికి ఏడాదికి 67.5 టీఎంసీలు ఒప్పుకుంది. ఆ అంకె నేను ఎన్ని ఫైళ్లలో రాశానో! దాభోళ్ పంటు అంచున నిలబడి చేయి చాచి ఆ నీళ్లు ముట్టుకుంటే, మా వారు అడిగారు, ఏమిటి అంతసేపు చూస్తున్నావని. మన నీళ్లండీ, అన్నాను. ఫిర్యాదుగా అనలేదు. ఆ కరెంటుతో ఎన్ని ఊళ్లు వెలుగుతున్నాయో నాకు తెలుసు. దూరాన ఉన్న బంధువు ఎదురుపడితే పలకరించకుండా ఎలా ఉంటాం?

నిదానంగా వెళ్లండి అని నేను పదేపదే చెప్పడం వెనక సరదా ఒక్కటే లేదు. కొంకణ్ రైల్వే ఉంది కదా, 1998లో పూర్తిగా తెరిచారు. కొండలు తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి వేసిన లైను. ఆ రైల్వేకు వానాకాలానికి వేరే టైంటేబులే ఉంది. ఆ నాలుగు నెలలూ రైళ్లు కావాలనే తక్కువ వేగంతో నడుస్తాయి. జోరువానలో ముందున్నది సరిగా కనబడకపోతే గంటకు 40 కిలోమీటర్లు దాటొద్దని డ్రైవర్లకు ఆదేశం. ఇనుప పట్టాల మీద నడిచే రైలే అంత ఒదిగి ఉంటే, బురద రోడ్డు మీద మన కారుకు తొందరేమిటి?

ఇక్కడ రెండు సంఘటనలు చెప్పాలి. 2016 ఆగస్టు 2 రాత్రి, మహాడ్ దగ్గర ఇదే సావిత్రి మీద బ్రిటిష్ కాలపు రాతి వంతెన వరదలో కూలిపోయింది. చీకట్లో వంతెన లేదని తెలియక రెండు ఆర్టీసీ బస్సులు మనుషులతో సహా నదిలో పడిపోయాయి. మరుసటి ఏడాది వానలకు ముందే కొత్త వంతెన కట్టారు, పోయినవాళ్లు పోయారు. రెండోది, 2021 జూలై 22, వాశిష్ఠి ఒడ్డున ఉన్న చిప్లూణ్ ఊళ్లో. కొండల మీద కుంభవృష్టి, అదే సమయంలో సముద్రం పోటు. పోటు మీదున్నప్పుడు ఖాడీ నీళ్లను బయటికి పోనివ్వదు, పైనుంచి వచ్చే వరద ఊళ్లోకి ఎగదన్నుతుంది. ఇళ్లు మొదటి అంతస్తు దాకా మునిగాయి. కొంకణంలో పోటు ఎత్తు మన ఆంధ్ర తీరంలో కంటే బాగా ఎక్కువ, అమావాస్య పున్నములకు ఇంకా ఎక్కువ. కాబట్టి కొంకణంలో తిరిగేవాళ్లు వాతావరణ శాఖ హెచ్చరికతో పాటు పోటు వేళలూ చూసుకోవాలి. రెడ్ అలర్ట్ ఉన్న రోజు ఎక్కడున్నారో అక్కడే ఉండండి. చీకటి పడ్డాక బండి తీయొద్దు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, లోతు ఎంతైనా సరే, దిగొద్దు. సముద్రంలో మాత్రం పాదం కూడా పెట్టొద్దు. హేద్వీలో బామణ్ ఘళ్ అని రాళ్ల మధ్య ఇరుకు చీలిక ఉంది, పోటులో అల అందులోకి దూరి నిలువెత్తు పైకి ఎగజిమ్ముతుంది. ఎంత అందమో అంత ప్రమాదం. దూరం నుంచి చూడండి, ఫోటో కోసం అంచుకు పోవద్దు.

ఎక్కడున్నారో అక్కడే ఉండండి అన్నాను కదా. ఆ ఆగిపోయిన రోజులే నాకు ఎక్కువ ఇష్టం. కేళ్శీ దగ్గర కొబ్బరితోటలో ఒక ఇంట్లో దిగాం. అరుగుకు పడమటి వైపు జల్లు కొట్టకుండా కొబ్బరాకు తడికలు కట్టారు. పొద్దున్నే బయల్దేరదామని సంచులు సర్దుతుంటే ఇంటి పెద్దావిడ, అందరూ ఆజీ అని పిలుస్తారు, గుమ్మంలోంచి ఆకాశం వైపు చూసి “పాఊస్ థాంబూ దే” అంది. వాన ఆగనీ, అని. ఆగలేదు. మధ్యాహ్నం వేడి అన్నంలోకి ఉలవపిండితో పిఠ్లం చేసి పెట్టింది, పక్కన కాల్చిన ఎండుచేప, గ్లాసులో సోల్‌కఢీ. కోకం పండు పులుసు, కొబ్బరిపాలు కలిపిన గులాబిరంగు కఢీ అది. ఉలవచారు తిని పెరిగినవాళ్లం, మేం ఆ పిఠ్లం మూడుసార్లు వడ్డించుకుంటే ఆవిడకు ఆశ్చర్యం, మీ దగ్గరా ఉలవలు తింటారా అని. మా దగ్గర పెళ్లిళ్లలో కూడా పెడతారన్నాను, నమ్మలేదు.

సముద్రం పక్కన ఎండుచేప ఎందుకని అడుగుతారు. జూన్ 1 నుంచి జూలై 31 దాకా పడమటి తీరంలో చేపల వేట నిషేధం. మనకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది చూడండి, అలాంటిదే. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. పైగా అక్కడ ఆ రెండు నెలలూ సముద్రం పడవను బతకనిచ్చేది కాదు. మామూలు రోజుల్లో హర్ణై రేవులో ఒడ్డునే చేపల వేలం జాతరలా సాగుతుంది. వానాకాలంలో పడవలన్నీ ఒడ్డుకు లాగి కప్పేసి ఉంటాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటుంటారు. శ్రావణ పున్నమికి కోలీలు, అంటే అక్కడి జాలర్లు, సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి మళ్లీ వేటకు దిగుతారు. నారళీ పౌర్ణిమ అంటారు. తాజా చేప తినాలనే వెళ్లేవాళ్లు ఆ పండగ దాటాక వెళ్లండి. వరినాట్లు చూడాలనుకుంటే జూలైలోనే వెళ్లాలి. కొండవాలు మీద మెట్లు మెట్లుగా చిన్న చిన్న మళ్లు, ఆకులతో అల్లిన ఇర్లం వీపు మీద కప్పుకుని నాట్లేసే ఆడవాళ్లు. మన పాతకాలపు గిడుగు గుర్తుకొస్తుంది.

జంజీరా, సింధుదుర్గ్ లాంటి నీటికోటలకు ఈ కాలంలో పడవలు నడవవు. ఒడ్డు నుంచి చూడటమే. అల గోడకు కొట్టుకుని పైకి లేస్తుంటే, 1664లో శివాజీ మాల్వణ్ దగ్గర సముద్రంలో కోట ఎందుకు మొదలుపెట్టాడో చెప్పకుండానే అర్థమవుతుంది.

రత్నగిరిలో బర్మా చివరి రాజు థీబా ఉన్న భవనం ఉంది. 1885లో రాజ్యం లాక్కుని బ్రిటిష్ వాళ్లు ఆయన్ని ముందు మద్రాసుకు, తరువాత అక్కడికి పంపారు. అప్పట్లో రత్నగిరికి రైలు లేదు, వానల్లో ఓడలూ రావు. బందీని దాచడానికి అంతకంటే తగిన ఊరు వాళ్లకు దొరకలేదు. 1916లో ఆయన అక్కడే పోయారు. ఆ ఊరి చుట్టూ సడాలు అంటారు, చెట్టూ చేమా లేని జంభా రాతి బయళ్లు. వేసవిలో చూస్తే కాలిన పెనం. వానలు పడ్డాక పచ్చగడ్డి, దానిమీద గోరంత పూలు. ఆ రాతి నేల మీద ఎప్పటివాళ్లో ఏనుగులు, చేపలు, మనుషుల బొమ్మలు చెక్కారు. కశేళీ దగ్గర ఏనుగు బొమ్మ ఒక ఇంటి స్థలమంత ఉంటుంది. ఈ బొమ్మలను యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో 2022లో చేర్చారు. వానలో ఆ గీతల్లో నీళ్లు నిలిచి బొమ్మ తేటగా కనబడుతుంది. చెప్పులు విప్పి, గట్టు మీద నుంచే చూడండి. అది అరిగితే మళ్లీ రాదు.

విజయదుర్గ్ దగ్గర మాత్రం నేను కాసేపు ఆగాలి, నాది గుంటూరు కాబట్టి. ఆ కోటలో సాహెబు గారి అరుగు అని ఒక వేదిక చూపిస్తారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఇంగ్లిషు శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ అక్కడ నిలబడి హీలియం కనిపెట్టాడని ఊళ్లో గట్టిగా చెబుతారు. ఏటా ఆ రోజు కోటలో హీలియం పండగ కూడా చేస్తారు. లాకియర్ మాత్రం ఆ రోజు ఇంగ్లండులోనే ఉన్నారు. అదే ఏడాది అక్టోబరులో అక్కడి నుంచే సూర్యుడి అంచు వెలుగులో హీలియంకు గుర్తయిన పసుపు గీతను చూశారు. గ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ నిలబడింది మన గుంటూరులో! గ్రహణం చూడటానికి వచ్చిన బ్రిటిష్ అధికారి టెన్నంట్ బృందం కూడా గుంటూరులోనే ఉంది, మద్రాసు వేధశాల నుంచి వచ్చిన పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. గ్రహణపు నీడ కొంకణం మీదుగా దక్కన్ దాటి మన తీరానికి వచ్చింది, ఇంచుమించు మేఘం వచ్చే దారే. నడి ఆగస్టులో కొంకణపు ఆకాశం ఎలా ఉంటుందో ఈపాటికి మీకు తెలుసు. విజయదుర్గ్ పిల్లలు ఆ అరుగును ఎంత గర్వంగా చూపిస్తారో చూసి నేను వాదన పెట్టుకోలేదు. గుంటూరు పేరు చెప్పాను, జాన్సెన్ కథ చెప్పాను, శ్రద్ధగా విన్నారు. గుంటూరులో పుట్టిన మన పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు? బడుల్లో చెప్పవలసిన కథ ఇది.

వెనక నుంచి ఎవరో దారి అడుగుతున్నారు. చెబుతాను. మన ఊరి మీదుగా వెళ్లే 65వ నంబరు రహదారి ఉంది చూశారా, మచిలీపట్నంలో మొదలై హైదరాబాదు, సోలాపూర్ మీదుగా పుణే దాకా అదే. పుణే నుంచి తామ్హిణీ ఘాట్ దిగితే మాణ్‌గావ్, అక్కడి నుంచి దివేఆగర్. దివేఆగర్ నుంచి శ్రీవర్ధన్‌కు శేఖాడీ మీదుగా వెళ్లే రోడ్డు సముద్రాన్ని ఒరుసుకునే పోతుంది, అది వదలొద్దు. తరువాత హరిహరేశ్వర్, బాగ్‌మాండ్లా రేవు, కేళ్శీ, హర్ణై, దాభోళ్ రేవు, గుహాగర్, హేద్వీ, తవసాళ్ రేవు, గణపతిపులే, ఆరేవారే మీదుగా రత్నగిరి. ఓపిక, సెలవు ఉంటే విజయదుర్గ్, దేవ్‌గఢ్, మాల్వణ్. రోజుకు ఒక ఖాడీ దాటితే చాలు, అంతకు మించి పెట్టుకోకండి. వినాయక చవితి వారంలో ముంబయిలో ఉన్న కొంకణం వాళ్లంతా సొంతూళ్లకు వస్తారు, రోడ్లూ రైళ్లూ కిక్కిరిసిపోతాయి. ఆ వారం వాళ్లకు వదిలేయండి. తిరిగి వచ్చేటప్పుడు రత్నగిరి నుంచి ఆంబా ఘాట్ ఎక్కి కొల్హాపూర్ రావచ్చు. వీలైతే పోలాద్‌పూర్ నుంచి ఆంబేనళీ ఘాట్ మీద మహాబలేశ్వరం ఎక్కండి, సావిత్రి దిగిన కొండ అది. కాకపోతే కొండచరియలు పడి ఆ ఘాట్ తరచుగా మూసేస్తారు, కింద పోలీసులనడిగి ఎక్కాలి.

పంటు రేవులు, ఘాట్లు, రాత్రి ఆగడానికి వీలైన ఊళ్లు ఒక మ్యాపు మీద చేత్తో గుర్తు పెట్టి తెచ్చాను. ఆ బల్ల మీద ఉంచుతాను, కావలసినవాళ్లు ఫోటో తీసుకోండి. పోటు పట్టిక ఎలా చదవాలో తెలియనివాళ్లు ఉంటే ఇలా ముందుకు రండి, ఇప్పుడే చూపిస్తాను.